మైక్ సెట్ అన్నయ్యకి హెడ్‌ఫోన్స్

కువైట్,
శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

అన్నయ్యకి,

నీ చంటి దణ్ణం పెట్టి మొదలుపెడుతున్న ఉత్తరం ఇది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నీకెలా ఉంది? వదిన మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఈ ప్రశ్నలన్నీ మొన్న ఫోన్లోనూ అడిగాను. నువ్వు "ఆఁ, ఆఁ, అంతా బాగే" అన్నావు. "ఈ పూట ఏం కూర?" అని అడిగితే దానికీ "ఆఁ, బాగే" అన్నావు. అందుకే ఫోన్ పక్కన పడేసి కాగితం పట్టుకున్నాను. కాగితానికి ఆఁ కొడితే కుదరదు, చదవాల్సిందే. ముందు నువ్వొక్కడివే చదువుకో, వదినకి తర్వాత ఇద్దువుగాని.

నా గురించి బెంగపెట్టుకోకు. డ్యూటీలు మామూలే. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం సాయంత్రం డ్యూటీ. పెద్ద నర్సమ్మ కోపిష్టిది గానీ మనసు మంచిది. ఎండలు చెప్పనలవి కాదు. పోయిన వారం దుమ్ముగాలి లేచి ఎదుటి మేడ కూడా కనిపించలేదు. కిటికీ సందుల్లో తడి గుడ్డలు కుక్కుకుని కూర్చున్నాం. తిండికి లోటు లేదు. చేపలు దొరుకుతాయి, కానీ రేపల్లె సంతలో వదిన బేరమాడి తెచ్చే చేపకున్న రుచి వీటికెక్కడిది? వేళకి తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను, నిజంగానే బాగున్నాను.

ఒక్కటే తేడాగా ఉంటుందన్నయ్యా. గదిలో నలుగురం. లిస్సీది కేరళ, మిగతా ఇద్దరిదీ ఫిలిప్పీన్స్. డ్యూటీ నుంచి రాగానే ఎవరి మంచం మీద వాళ్ళు చేరి, ఎవరి చెవుల్లో వాళ్ళు పాటలు పెట్టేసుకుంటారు. గదిలో నాలుగు పాటలు మోగుతుంటాయి, ఒక్కటీ బయటికి వినపడదు. వచ్చిన కొత్తలో నాకు ఏడుపొచ్చేది. మన తెనాలి వీధిలో నువ్వు ఒక్క మైకు గొట్టం కడితే ముప్పై ఇళ్ళవాళ్ళు వినేవాళ్ళు కదా! పొయ్యి దగ్గరున్నావిడా, గేదెని కడుగుతున్నాయనా ఒకే పాటకి తలూపేవాళ్ళు. నచ్చనివాళ్ళు కూడా వినాల్సిందే, తప్పించుకోడానికి లేదు.

నాన్న పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ అంతకుముందే లేదు. బడి లేని రోజుల్లో నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నీ మైక్ సెట్‌తో పాటు నన్నూ మోసుకు తిరిగేవాడివి. ఒళ్ళో కేసెట్ల పెట్టె పెట్టుకుని రిక్షాలో కూర్చున్నప్పుడు నాకు ఎంత గర్వమో! కొల్లిపరలో పెళ్ళయితే సన్నాయి, తెనాలిలో నాటకాల పోటీలయితే పద్యాలు, బాపట్లలో క్రిస్మస్‌కి గాయకబృందం పాటలు, ఉరుసుకి ఖవ్వాలీ, చావింట్లో తత్వాలు. "నీకే పాటంటే ఇష్టం అన్నయ్యా?" అని అడిగితే, "ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పాటేనే" అనేవాడివి. పాటంటే చెవి కోసుకునేవాడివి. బాపట్ల దగ్గర ఒడ్డు ఊళ్ళలో సాయంత్రమయ్యేసరికి సముద్రం మీది గాలి తిరుగుతుందని, గొట్టం ఎటు కట్టాలో గాల్లో తువ్వాలు ఆరబెట్టినట్టు పట్టుకుని చూసేవాడివి. పాట ఎంతదాకా పోయిందో చూసి రమ్మని నన్ను సందులంట తరిమేవాడివి. నేను నాలుగు సందులు పరిగెత్తి వచ్చి "ఇసక దాకా వినపడుతోంది!" అంటే నీ మొహం వెలిగిపోయేది.

అలాంటి నువ్వు, డీజేలొచ్చి మైక్ సెట్ మూలపడ్డాక, మోటార్ల వైండింగ్‌లో పడి పాటల ఊసే ఎత్తడం మానేశావు. నేనిక్కడికి బయల్దేరే ముందు వారం నా ఇయర్‌ఫోన్స్ నీ చెవుల్లో పెట్టి నీకిష్టమైన పాట వేశాను, గుర్తుందా? అర నిమిషం విన్నావు. "ఇదేం పాటే చంటీ, వయొలిన్లు పీకేశారు! ఇప్పటోళ్ళకి సగం పాట వేస్తే చాలనుకుంటా" అని తీసి నా చేతిలో పెట్టేశావు. "పాటలంటే ఇసుగొచ్చిందే" అన్నావు. వయసు మీదపడి చిరాకు పెరిగిందనుకున్నాను. నా బుద్ధికి అంతకంటే తోచలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పోయిన శుక్రవారం నా ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయని బజారుకి బయల్దేరాను. మా ఆస్పత్రి బండి నడిపే వెంకట్రావు బాబాయ్ తోడొచ్చారు. ఆయనది కొల్లూరు దగ్గర లంక, అరటి తోటలవాళ్ళు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది ఆయనే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు. సెలవు మీద వెళుతున్నారని తెలిసి, నీకూ ఒక జత కొని పంపుదామనుకున్నాను. మరీ ఖరీదువి కాదు, భయపడకు. గొట్టాల్లో బిగించే యూనిట్లు కొనేటప్పుడు నువ్వే అనేవాడివి కదా, "మరీ చౌకది పెళ్ళిలో పరువు తీసుద్ది, మరీ ఖరీదుది గోడెక్కించాలంటే గుండె దడ. మధ్యరకం చాలే" అని. ఆ మాటే పట్టుకుని కొట్లోకి వెళ్ళాను.

కొట్టబ్బాయి మలయాళీ. మధ్యరకంవి అయిదు జతలు బల్ల మీద పరిచాడు. ఏ పాటలు వింటారని హిందీలో అడిగాడు. నేను మన పెళ్ళిళ్ళూ, చావులూ, చర్చీలూ అన్నీ ఏకరువు పెట్టాను. అందరూ ఒకటో రెండో రకాలు చెబుతారట. ఒకే మనిషి ఇన్ని వింటాడా అని అడిగాడు. మా అన్నయ్య వింటాడని చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను.

నువ్వు నేర్పినట్టే పరీక్ష పెట్టాను. ముందు పద్యం, తర్వాత సన్నాయి, ఆ పైన డప్పులు. మొదటి జతలో డప్పులు గుండెల మీద మోగాయి. బాబాయ్ అది పెట్టుకుని, "అమ్మాయ్, ఇదేనమ్మా! ఇంకేం చూడొద్దు. మా లంకలో జాతర దిగిందనుకో!" అని కొట్టు మధ్యలో తలూపడం మొదలెట్టారు. అదే దాంట్లో పద్యం వేస్తే, పాపం ఆ గొంతు నీళ్ళ తొట్టిలోంచి పాడుతున్నట్టుంది. వద్దన్నాను. "బేస్ లేకపోతే పాటేంటమ్మా, పథ్యం కూడులాగా!" అని ఆయన అలిగారు. ఇంకో జతలో పద్యం ఖంగున మోగింది గానీ సన్నాయి పెట్టేసరికి పళ్ళు పులిసిపోయాయి. చెవిలోకి దూర్చుకునే గుండీల్లాంటివి నీకొద్దు, మోటారు స్క్రూల్లో కలిపేస్తావు. బయటి చప్పుడు అసలు రానివ్వనివి కూడా చూపించాడు. విమానాల్లో తిరిగేవాళ్ళకి బాగుంటాయట. వదిన భోజనానికి పిలిస్తే ఇప్పటికే నాలుగుసార్లకి గాని పలకవు, అవి పెడితే నీ అన్నం పిల్లికే.

చివరికి తేలిగ్గా, చెవి చుట్టూ మెత్తగా కూర్చునే జత ఒకటి చేతికొచ్చింది. కళ్ళజోడు మీద నొక్కదు. వైరుతోనూ పనిచేస్తుంది, వైరు లేకుండానూ పనిచేస్తుంది. బల్ల మీది నమూనా పెట్టుకుని పద్యం వేశాను. గొంతు ఎంత బాగుందో! కానీ హార్మోనియం ఏది? రాగం తీసి పాడేవాడు ఆగుతాడు, ఆ ఆగినచోట హార్మోనియం అందుకోవాలి కదా. అక్కడ ఏమీ లేదు. బోసిగా ఉంది. కొట్టబ్బాయి నా మొహం చూసి, "కుడి పక్క రావట్లేదు మేడం, అందరూ లాగి లాగి నమూనా వైరు పాడైంది, కొత్తది తీస్తానుండండి" అన్నాడు. ఆ రికార్డింగులో గొంతు ఎడమ పక్క ఉంది, హార్మోనియం అంతా కుడి పక్కే ఉంది. కుడి పక్క పోతే హార్మోనియం పోయినట్టే.

వయొలిన్లు పీకేశారే అన్న నీ మాట అక్కడ, ఆ కొట్లో నిలబడి ఉండగా గుర్తొచ్చింది. నా ఇయర్‌ఫోన్స్‌కి ఆ రోజు ఏ లోపమూ లేదు.

బయటికొచ్చి వదినకి ఫోన్ చేశాను. "వదినా, అన్నయ్య ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటాడు?" అని అడిగాను.

"ఇదేం ప్రశ్నే? ఎడమ చెవికే. కుడి చేత్తో ఎత్తినా ఎడం పక్కకి తెచ్చుకుంటాడు. ఏంటి సంగతి?"

"కుడి పక్కన నిలబడి మెల్లిగా పిలిస్తే పలుకుతాడా?"

వదిన అంది, "పలకడే. మొదట్నుంచీ పరధ్యానమే, ఈ ఏడాది మరీను. మంచం మీద కుడి పక్కన పడుకుని మాట్లాడితే ఉలకడు, పలకడు. నామీద కోపం పెట్టుకున్నాడనుకున్నానమ్మా. ఏడాది నుంచీ ఆ మనిషికి నేనేం లోటు చేశానా అని కుమిలిపోతున్నాను." అంటూనే ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే, "పిచ్చిమాలోకం! చెప్పొచ్చుగా! చెబితే నేనేమన్నా వేరే కాపురం పెడతానా!" అని తిట్టింది కూడా. ఆ తిట్లన్నీ నువ్వింకా పడలేదంటే, నేనే ఆపాను కనక. నా ఉత్తరం అందేదాకా ఆగమని ఒట్టు పెట్టించుకున్నాను.

అన్నయ్యా, కుడి చెవి ఎందుకు పోయిందో నాకు తెలుసనుకుంటున్నాను. ఇన్నేళ్ళూ ఈ మాట నీతో అనలేదు. ఇప్పుడు రాసేస్తున్నాను, చివరిదాకా చదువు.

రేపల్లెలో ఆ పెళ్ళి. నాకు పదేళ్ళు. పట్టాల పక్క డాబా ఇల్లు. మధ్యాహ్నం నువ్వు పిట్టగోడ మీద గొట్టం కట్టావు. కింద పందిట్లో బల్ల మీద ఆంప్లిఫయర్, దాని ముందు నేను. గొట్టం గరగరమంటోందని, లోపలి యూనిట్ పగిలిందేమో చూడటానికి నువ్వు కుడి చెవి తీసుకెళ్ళి గొట్టం మూతిలో పెట్టావు. మైక్ సెట్ వాళ్ళందరూ చేసే పనే. అరిస్తే వినపడదు కనక మనకి సైగలుండేవి. చెయ్యెత్తితే పెంచాలి, అరచెయ్యి కిందికి దించితే తగ్గించాలి, పిడికిలి పడితే ఆపాలి. "నా చేతి వంకే చూస్తుండు, ఇంకెటూ చూడకు" అని చెప్పి మరీ మెట్లెక్కావు.

నేను చూడలేదన్నయ్యా. వంటవాళ్ళు లడ్డూలు చుడుతున్నారు, వాటి వంక చూస్తున్నాను. తల తిప్పేసరికి నీ చెయ్యి పైకి లేచి ఉంది. గబుక్కున వాల్యూమ్ మీట చివరికంటా తిప్పేశాను. సన్నాయి ఒక్కసారి ఊరంతా దద్దరిల్లేట్టు మోగింది. నువ్వు చెవి పట్టుకుని గోడ పక్కకి కూలబడ్డావు. గొట్టంలో కందిరీగల గూడు ఉందనీ, నువ్వెత్తిన చెయ్యి కందిరీగని తోలడానికనీ నాకు తర్వాత తెలిసింది. ముందు నుంచీ చూస్తూ ఉంటే నాకు తెలిసేది.

కిందికొచ్చి నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు నువ్వు. నేను బిక్కచచ్చి నిలబడితే, "ఏం కాలేదే. చెవిలో గుబిలి వదిలింది" అని నవ్వావు. వంటాయన్నడిగి రెండు లడ్డూలు తెచ్చి నా చేతిలో పెట్టావు. సాయంత్రం రేపల్లె నుంచి తెనాలికి రైల్లో వస్తూ, ఎప్పుడూ నువ్వు కూర్చునే కిటికీ చోటు నాకిచ్చి, నన్ను నీ ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నావు. ఆ రోజు నుంచి ఏ రైలెక్కినా, ఏ బస్సెక్కినా నన్ను ఎడమ పక్కనే. మా అన్నయ్య నాకెప్పుడూ కిటికీ పక్క ఇస్తాడని బళ్ళో అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. నా మాట వినపడటానికి నన్ను ఆ పక్క పెట్టుకున్నావని మొన్న ఆ కొట్టు బయట ఎండలో నిలబడితే తెలిసింది. బాబాయ్ కంగారుపడి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చారు. "దుమ్ము పడిందండి కంట్లో" అన్నాను. ఆ రోజు గాలే లేదు.

మా ఆస్పత్రి చెవి డాక్టరు గారిని అడిగాను. ఒక్కరోజు మోతకి దెబ్బతిని ఉండొచ్చు, ఏళ్ళ తరబడి గొట్టాల పక్కన నిలబడ్డందుకు మెల్లిగా పోయి ఉండొచ్చు, మనిషిని చూడకుండా చెప్పలేనన్నారు. నువ్వు తప్పకుండా రెండోదే అంటావు. అను. కానీ ముందు గుంటూరు వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకో. వదిన తోడొస్తుంది, రానంటే నా మీద ఒట్టు. మిగిలిన ఎడమ చెవిని కాపాడుకోవాలి కదా. నేను నర్సుని, ఈ ఒక్క విషయంలో నేనే పెద్దదాన్ని.

ఇక ఈ జత సంగతి విను. వదినతో మాట్లాడాక మళ్ళీ కొట్లోకి వెళ్ళి, కొత్తది విప్పించి రెండు పక్కలా మోగించి చూశాకే తీసుకున్నాను. సగం పాటే వినపడుతుందని దీన్ని కూడా తీసి పక్కన పడేయకు. గుర్తుందా, కేసెట్ ప్లేయర్ నుంచి రెండు వైర్లొస్తే రెండూ కలిపి మెలేసి ఆంప్లిఫయర్‌కి ఇచ్చేవాడివి. ఎందుకని అడిగితే, "గొట్టం ఒక్కటే కదే. పక్కింటోడికి తబలా, ఎదురింటోడికి గొంతూ పోతే పంచాయితీ అవుద్ది. అందరికీ మొత్తం పాట పోవాలి" అన్నావు. ఫోన్లో కూడా ఆ మెలి ఉందన్నయ్యా. సెట్టింగ్స్‌లో మోనో అని ఉంటుంది. అది నొక్కితే రెండు పక్కల పాటా కలిసి ఒక్కటై, ఎడమ చెవికే మొత్తం వచ్చేస్తుంది. నేను కుడి పక్క చేత్తో మూసుకుని ఆ పద్యం మళ్ళీ విన్నాను. గొంతు ఆగింది, హార్మోనియం అందుకుంది. కొట్లో నేను ఏడుస్తూ నవ్వుతుంటే ఆ మలయాళీ అబ్బాయి బిల్లు రాయడం ఆపి చూస్తున్నాడు.

ఆ మోనో ఎక్కడుందో బాబాయ్‌కి నేర్పించి పంపాను. ఆయన నీ ఫోన్లో నొక్కి ఇస్తారు. డప్పులు కాస్త తక్కువ మోగుతున్నాయని ఆయన నీ దగ్గర కూడా సణుగుతారు, పట్టించుకోకు. వాల్యూమ్ మాత్రం సగం దాటనివ్వకు. చెమటకి మెత్తలు పాడవకుండా వదినతో పాత నూలు గుడ్డ తొడుగు కుట్టించుకో.

బాబాయ్ తిరిగొచ్చేటప్పుడు వదిన పెట్టిన చింతకాయ పచ్చడి ఒక సీసా పంపించు. ఇంకో కోరిక. నీ గొంతుతో "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, బంధుమిత్రులంతా రావలసిందిగా మనవి" అని చెప్పి ఫోన్లో రికార్డు చేసి పంపు. మా గదిలో ఎవరి చెవుల్లో వాళ్ళు పాటలు పెట్టుకున్నప్పుడు నేను అది పెట్టుకుంటాను. నా పెళ్ళి సంబంధాల గురించి వదిన అడగమన్న ప్రశ్నలకి జవాబు నాకింకా తెలియదు, తెలిశాక చెబుతాను. ఎదురింటి మామ్మగారిని అడిగానని చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త, వేళకి తిను. నేను బాగానే ఉన్నాను. దూరం నుంచే నీ కాళ్ళకి, వదిన కాళ్ళకి దణ్ణం పెడుతున్నాను, మీ దీవెన నాకుండాలి.

ఈ ఉత్తరం అందాక వచ్చే శుక్రవారం పొద్దున్నే వదిన నీ ఫోన్లోంచి వీడియో కాల్ చేస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాకు కనపడేట్టు కూర్చో. ఇటు నుంచి నేను సన్నాయి వేస్తాను, అసలు వినపడీ వినపడనంత చిన్నగా మొదలుపెడతాను. నువ్వేం మాట్లాడొద్దు. పెంచాలంటే చెయ్యెత్తు. ఈసారి నేను ఇంకెటూ చూడను, నీ చేతి వంకే చూస్తూ ఉంటాను.

నీ ఎడమ పక్క, కిటికీ దగ్గర కూర్చున్న
చంటి